విశ్వపు తొలి వెలుగు: కాంతి పరిక్షేపణం, సీఎంబీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కాస్మిక్ మైక్రోవేవ్ బ్యాక్‌గ్రౌండ్, పొట్టిగా సీఎంబీ. దీని గురించి రాసేటప్పుడు చాలాచోట్ల "విశ్వం చల్లబడింది, కాంతి బయటపడింది" అని ఒక్క వాక్యంతో సరిపెడతారు. అసలు కథంతా ఆ వాక్యం లోపలే ఉంది. ఎలక్ట్రాన్లు కాంతిని ఎలా చెదరగొట్టాయి (దీన్నే పరిక్షేపణం అంటారు), ఎప్పుడు వదిలేశాయి, ఎంత నెమ్మదిగా వదిలేశాయి అన్నవే ఈరోజు ఆకాశంలో మనం కొలుస్తున్న ప్రతి వివరాన్నీ తీర్చిదిద్దాయి. ఇంటర్ స్థాయి ఫిజిక్స్ గుర్తున్నవాళ్లకి అర్థమయ్యేలా జవాబులు రాశాను. సమీకరణాలు లేవు, అంకెలు మాత్రం ఉన్నాయి.

సీఎంబీ అంటే ఏమిటి?

ఆకాశంలో ఏ దిక్కున చూసినా దాదాపు ఒకే తీవ్రతతో వచ్చే మైక్రోవేవ్ కాంతి. దీని ఉష్ణోగ్రత 2.725 కెల్విన్, అంటే సున్నా సెల్సియస్‌కి 270 డిగ్రీల కింద. మన చుట్టూ ప్రతి ఘన సెంటీమీటరులో ఇలాంటి ఫోటాన్లు 411 దాకా ఉంటాయి. మీరు ఇది చదువుతున్న గదిలో కూడా.

దీన్ని కనిపెట్టింది అమెరికాలోని న్యూజెర్సీలో, హోమ్‌డెల్ అనే ఊళ్లో. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే ఆర్నో పెన్జియాస్, రాబర్ట్ విల్సన్ 1964లో కొమ్ము ఆకారపు యాంటెనాతో 7.35 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కొలతలు తీస్తుంటే, ఎటు తిప్పినా పోని అదనపు రొద ఒకటి కనిపించింది. యాంటెనాలో గూడు కట్టిన పావురాలను తరిమి, రెట్టలు కడిగినా పోలేదు. పక్కనే ప్రిన్స్‌టన్‌లో రాబర్ట్ డికీ బృందం సరిగ్గా ఇలాంటి కాంతి కోసమే పరికరం తయారు చేసుకుంటోంది. 1965లో రెండు బృందాల వ్యాసాలూ ఒకేసారి అచ్చయ్యాయి. పెన్జియాస్, విల్సన్‌లకు 1978లో నోబెల్ వచ్చింది.

అయితే ఇది బిగ్ బ్యాంగ్ ఫోటోనా?

కాదు. ఈ మాట ఎంత ప్రచారంలో ఉన్నా వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. విశ్వం మొదలైన సుమారు 3,80,000 ఏళ్లకి, ఫోటాన్లు చివరిసారిగా ఎలక్ట్రాన్లను తాకి మనవైపు బయల్దేరిన క్షణాల చిత్రం ఇది. అంతకుముందు జరిగింది కాంతి ద్వారా నేరుగా కనిపించదు. ఆ చిత్రంలో మిగిలిన ఆనవాళ్లను బట్టి లెక్క కట్టుకోవాలి.

మొదట్లో కాంతి ఎందుకు సాఫీగా ప్రయాణించలేకపోయింది?

అప్పటి విశ్వం ప్లాస్మా. ఎలక్ట్రాన్లు పరమాణువుల్లో బందీలు కావు, విడిగా తిరుగుతుండేవి. కాంతి అంటే ఊగే విద్యుత్ క్షేత్రం. అది విడి ఎలక్ట్రాన్ మీద పడగానే ఎలక్ట్రాన్ కూడా అదే లయలో ఊగుతుంది. ఊగే ఆవేశం తిరిగి కాంతిని విడుదల చేస్తుంది, కానీ వేరే దిక్కులోకి. దీన్నే థామ్సన్ పరిక్షేపణం అంటారు. ప్రోటాన్లూ ఆవేశం ఉన్నవే అయినా, ఎలక్ట్రాన్ కంటే 1,836 రెట్లు బరువు కాబట్టి కాంతికి అంత తేలిగ్గా ఊగవు. ఒక్కో ప్రోటాన్ చేసే పరిక్షేపణం ఎలక్ట్రాన్ చేసేదానిలో 33 లక్షలో వంతు కూడా ఉండదు. అందుకే ఈ కథలో ఎప్పుడూ ఎలక్ట్రాన్ల పేరే వినిపిస్తుంది.

ఇక్కడ చాలామంది ఊహ దారి తప్పుతుంది. "దట్టమైన పొగమంచు" అన్న పోలిక వినీ వినీ, అప్పటి విశ్వం చిక్కగా ఉండేదనుకుంటాం. లెక్క వేసి చూడండి. విశ్వం వయసు దాదాపు రెండున్నర లక్షల ఏళ్లున్నప్పుడు ఘన సెంటీమీటరుకు ఉన్న ఎలక్ట్రాన్లు కొన్ని వందలు మాత్రమే. మనం పీల్చే గాలిలో అదే ఘనపరిమాణంలో రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులుంటాయి. భూమి మీద ఏ ప్రయోగశాలలోనైనా ఘన సెంటీమీటరుకు కొన్ని వందల కణాలే మిగిలితే దాన్ని అద్భుతమైన శూన్యం అంటారు. ఒక ఫోటాన్ రెండు పరిక్షేపణాల మధ్య సగటున మూడు వేల కాంతి సంవత్సరాల దూరం నిరాటంకంగా పోయేది.

మరి అపారదర్శకం ఎలా అయింది? విశ్వం కొలతలతో పోలిస్తే ఆ మూడు వేల కాంతి సంవత్సరాలు చిన్న అడుగు కాబట్టి. రెండున్నర లక్షల ఏళ్ల ప్రయాణంలో కాంతి దిక్కు మళ్లీ మళ్లీ మారిపోయేది. ఇంకా వెనక్కి వెళ్లేకొద్దీ ఎలక్ట్రాన్ల సాంద్రత పెరుగుతుంది, అడుగు మరింత కురచవుతుంది.

ఆకాశాన్ని నీలంగా చేసే పరిక్షేపణం ఇదేనా? రామన్ ఎఫెక్ట్‌తో సంబంధం ఉందా?

రెండూ కావు. ఆకాశం నీలానికి కారణం రేలీ పరిక్షేపణం. అక్కడ కాంతి తగిలేది అణువుల్లో కట్టుబడి ఉన్న ఎలక్ట్రాన్లకు. పౌనఃపున్యం పెరిగేకొద్దీ దాని నాలుగో ఘాతంతో పరిక్షేపణం పెరుగుతుంది కాబట్టి నీలం ఎక్కువ చెదురుతుంది. రామన్ పరిక్షేపణంలో అణువుతో శక్తి మార్పిడి జరిగి కాంతి రంగే మారుతుంది.

థామ్సన్ పరిక్షేపణానికి రంగుతో నిమిత్తం లేదు. ఎరుపైనా నీలమైనా సమానంగా చెదరగొడుతుంది, ఫోటాన్ శక్తిని దాదాపుగా ముట్టుకోదు. ఈ ఒక్క గుణం వల్లే సీఎంబీ వర్ణపటం అంత చెక్కుచెదరకుండా మన దాకా వచ్చింది. హైడ్రోజన్ పరమాణువులు ఏర్పడ్డాక వాటి మీద కొంచెం రేలీ పరిక్షేపణం జరగాలని సిద్ధాంతం చెబుతుంది గానీ, ఆ ప్రభావం చాలా స్వల్పం.

హైడ్రోజన్ ఏర్పడటానికి 3,000 కెల్విన్ దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది, అందుకే జవాబు పెద్దది.

హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్‌ను లాగేయడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. ఉష్ణోగ్రతలోకి మారిస్తే అది లక్షా యాభై వేల కెల్విన్ పైమాటే. ఆ లెక్కన విశ్వం లక్ష కెల్విన్‌కి దిగేసరికే పరమాణువులు నిలదొక్కుకోవాలి. కానీ అప్పుడూ ఇప్పుడూ ప్రతి ప్రోటాన్ లేదా న్యూట్రాన్‌కు సుమారు 160 కోట్ల ఫోటాన్లున్నాయి. సగటు ఫోటాన్‌కి హైడ్రోజన్‌ను విడగొట్టే సత్తా పోయినా, ఇన్ని కోట్లలో సగటును మించిన శక్తి గలవి కొన్ని ఎప్పుడూ ఉంటాయి. ఒక ఎలక్ట్రాన్ ప్రోటాన్‌తో జత కట్టగానే అవి వచ్చి విడగొట్టేవి. అలాంటివి బాగా తగ్గిపోయే దాకా ఆగాల్సిందే.

ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంత శాతం పరమాణువులు అయనీకరణం చెంది, అంటే ఎలక్ట్రాన్ ఊడిపోయి ఉంటాయో లెక్కగట్టే సమీకరణం మేఘనాథ్ సాహాది. ఢాకా దగ్గర పల్లెలో పుట్టి, కలకత్తాలో చదివిన సాహా 1920లో సూర్యుడి వర్ణగోళాన్ని అర్థం చేసుకోవడానికి దాన్ని ప్రచురించారు. సీఎంబీ అన్నది ఒకటుందని ఎవరికీ తెలియని రోజులవి. నక్షత్రాల వర్ణపటాల కోసం పుట్టిన ఆ సమీకరణంతోనే నేటికీ విశ్వోద్భవ శాస్త్రం పాఠాల్లో ఈ లెక్క మొదలవుతుంది. దాని ప్రకారం దాదాపు 3,700 కెల్విన్ దగ్గర సగం హైడ్రోజన్ ఏర్పడిపోవాలి.

వాస్తవంలో ఇంకా ఆలస్యమైంది. సాహా సమీకరణం అన్నీ సమతాస్థితిలో ఉన్నాయని అనుకుంటుంది. కానీ ఎలక్ట్రాన్ నేరుగా హైడ్రోజన్ కనిష్ఠ స్థాయిలోకి దిగితే వెలువడే ఫోటాన్ పక్కనున్న పరమాణువును విడగొడుతుంది. జమా ఖర్చూ చూస్తే లాభం సున్నా. మెట్టు మెట్టుగా దిగినా, ఆఖరి మెట్టులో, అంటే రెండో స్థాయి నుంచి కనిష్ఠ స్థాయికి దిగినప్పుడు వచ్చే ఫోటాన్ (లైమన్ ఆల్ఫా అంటారు) ఇంకో పరమాణువును ఉత్తేజపరుస్తుంది. బయటపడే దారి ఒకటి దొరికింది: రెండో స్థాయిలోని ఒక స్థితి నుంచి ఎలక్ట్రాన్ ఒకేసారి రెండు ఫోటాన్లు విడుదల చేస్తూ కిందకి దిగడం. ఆ రెండింటిలో దేనికీ పక్క పరమాణువును కదిలించే శక్తి ఉండదు. ఈ ప్రక్రియ సెకనుకు సుమారు 8 సార్లు మాత్రమే జరిగే రేటుతో నడుస్తుంది. పరమాణు ప్రపంచంలో అది నత్తనడక. అయినా విశ్వంలోని హైడ్రోజన్‌లో సగానికి పైగా ఈ ఇరుకు దారిలోనే ఏర్పడింది. 1968లో ప్రిన్స్‌టన్‌లో జిమ్ పీబుల్స్, మాస్కోలో జెల్డోవిచ్, కర్ట్, సున్యాయెవ్ విడివిడిగా ఈ లెక్క తేల్చారు. పీబుల్స్‌కి 2019లో నోబెల్ వచ్చింది.

చివరికి దాదాపు అయిదు వేలలో ఒక ఎలక్ట్రాన్ జత దొరక్క మిగిలిపోయింది. విశ్వం వ్యాకోచించి, ప్రోటాన్లు వాటికి అందనంత దూరమయ్యాయి.

ఆ చివరి పరిక్షేపణం ఎక్కడ జరిగింది? ఆ కాంతి ఇంకా ఎలా వస్తూనే ఉంది?

అన్నిచోట్లా జరిగింది, మనం ఉన్న ఈ చోట కూడా. ఇక్కడి నుంచి అప్పుడు బయల్దేరిన కాంతి ఎప్పుడో వెళ్లిపోయింది. ఇప్పుడు మనకు చేరేది 1,380 కోట్ల ఏళ్లు ప్రయాణిస్తే గానీ ఇక్కడికి రాలేనంత దూరం నుంచి బయల్దేరినది. అలాంటి చోట్లన్నీ కలిపితే మన చుట్టూ ఒక గోళమవుతుంది. దాన్నే చివరి పరిక్షేపణ ఉపరితలం అంటారు. ఆ కాంతి బయల్దేరినప్పుడు ఆ చోటు మనకు 4.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. వ్యాకోచం వల్ల ఇప్పుడు సుమారు 4,500 కోట్ల కాంతి సంవత్సరాల దూరమైంది. రేపు మరికాస్త దూరపు పొర నుంచి కాంతి వస్తుంది. అందుకే ఈ కాంతి ఆగదు.

ఈ ప్రయాణంలో తరంగదైర్ఘ్యం దాదాపు 1,090 రెట్లు సాగింది. నారింజ రంగు వెలుగు మైక్రోవేవ్‌గా మారింది.

సీఎంబీ ఆదర్శ కృష్ణ వస్తువులా ఉంటుందంటారు. అది కూడా పరిక్షేపణం పుణ్యమేనా?

పాక్షికంగానే. కృష్ణ వస్తువు అంటే తన మీద పడ్డ కాంతినంతా పీల్చుకుని, కేవలం తన ఉష్ణోగ్రతను బట్టే కాంతిని వెదజల్లేది. థామ్సన్ పరిక్షేపణం దిక్కు మారుస్తుందే తప్ప ఫోటాన్లను పుట్టించదు, చంపదు. కృష్ణ వస్తువు వర్ణపటం సిద్ధించాలంటే ఫోటాన్ల సంఖ్య కూడా సర్దుకోవాలి. మొదటి కొన్ని నెలల్లో ఆ పని జరిగింది. అప్పటి వేడిలో ఎలక్ట్రాన్లు ఫోటాన్లతో శక్తి పంచుకునేవి, ఒక ఫోటాన్ తగిలితే రెండు వెలువడే ప్రక్రియలూ నడిచేవి. ఆ తర్వాత ఎవరైనా విశ్వంలోకి అదనపు శక్తి పోసి ఉంటే దాని మచ్చ వర్ణపటంలో ఉండిపోయేది.

1989 నవంబరులో నాసా ప్రయోగించిన కోబ్ ఉపగ్రహం మీది ఫిరాస్ పరికరం ఆ మచ్చ కోసం వెతికింది. తొలి తొమ్మిది నిమిషాల కొలతలతో గీసిన రేఖాచిత్రాన్ని 1990 జనవరిలో జాన్ మాథర్ తెరపై చూపిస్తే, సభలోని ఖగోళ శాస్త్రవేత్తలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొలత బిందువులన్నీ సైద్ధాంతిక వక్రరేఖ మీదే కూర్చున్నాయి. మాథర్, జార్జ్ స్మూట్ 2006లో నోబెల్ పంచుకున్నారు.

ఈ కాంతికి బిగ్ బ్యాంగ్ కాకుండా వేరే వివరణ ఇవ్వలేమా?

ప్రయత్నించారు. మన దేశానికి చెందిన జయంత్ నార్లికర్, ఫ్రెడ్ హోయిల్, జెఫ్రీ బర్బిడ్జ్‌లతో కలిసి 1993లో ప్రతిపాదించిన నమూనాలో, నక్షత్రాల కాంతిని అంతరిక్షంలోని సన్నని ఇనుప నూలు పోగులాంటి ధూళి పీల్చి మైక్రోవేవ్‌గా తిరిగి వదులుతుంది. గంభీరంగా ఆలోచించదగ్గ ప్రతిపాదనే. కానీ వర్ణపటంలోని ఆ కచ్చితత్వం, కింద చెప్పబోయే మచ్చల క్రమం, ధ్రువణం (కాంతి తరంగాలు ఒక దిశలోనే ఎక్కువగా ఊగడం) ఇవన్నీ కలిపి వేడి ఆరంభపు నమూనా చెప్పినంత సహజంగా అది చెప్పలేకపోయింది.

ప్లాంక్ చిత్రంలో ఎరుపు, నీలం మచ్చలు ఏమిటి?

ప్లాంక్ అనేది సీఎంబీని కొలిచిన ఐరోపా ఉపగ్రహం. దాని పటంలోని రంగులు వేడి, చల్లదనాల తేడా చూపించడానికి వేసుకున్నవి. అసలు తేడా లక్షలో ఒక వంతు స్థాయిది. కెల్విన్‌లో చెప్పాలంటే దశాంశం తర్వాత నాలుగు సున్నాలు దాటాక గానీ తేడా మొదలవదు.

పరమాణువులు ఏర్పడక ముందు ఫోటాన్లు ఎలక్ట్రాన్లను తోస్తుండేవి, ఎలక్ట్రాన్లు విద్యుదాకర్షణతో ప్రోటాన్లను వెంట లాగేవి. పరిక్షేపణం అంత తరచుగా జరగడం వల్ల కాంతీ పదార్థమూ ఒకే ద్రవంలా మెలిగాయి. ఎక్కడైనా కాస్త సాంద్రత ఎక్కువుంటే గురుత్వాకర్షణ అక్కడికి లాగుతుంది. నొక్కుకున్నకొద్దీ ఫోటాన్ల పీడనం పెరిగి వెనక్కి తోస్తుంది. లాగడం, తోయడం మధ్య ఆ ద్రవంలో ధ్వని తరంగాలు పుట్టాయి. తొలిరోజుల్లో వాటి వేగం సెకనుకు దాదాపు 1,70,000 కిలోమీటర్లు.

ఆ తర్వాత ఎలక్ట్రాన్లు పరమాణువుల్లోకి వెళ్లిపోయాయి, పరిక్షేపణం ఆగింది, తరంగాలు ఉన్నచోటే నిలిచిపోయాయి. సరిగ్గా ఆ సమయానికి పూర్తిగా నొక్కుకున్న తరంగం కాస్త వేడిగా, పూర్తిగా సాగిన తరంగం కాస్త చల్లగా మిగిలాయి. అందుకే ఆకాశంలో మచ్చలకు ఒక ఇష్టమైన సైజు ఉంది: దాదాపు ఒక డిగ్రీ. చేయి చాచి చిటికెన వేలు ఆకాశానికి అడ్డం పెడితే ఆ గోరు వెడల్పు సుమారు అంతే ఉంటుంది, ఈ రాత్రే చూడవచ్చు. 1998 చివర అంటార్కిటికా మీద ఎగిరిన బూమరాంగ్ బెలూన్ ప్రయోగం ఈ సైజును స్పష్టంగా కొలిచి, అంతరిక్షం దాదాపు సమతలంగా ఉందని 2000లో చూపించింది.

ఏ సైజు మచ్చల్లో తేడా ఎంత బలంగా ఉందో గ్రాఫ్ గీస్తే, ఒక డిగ్రీ దగ్గర మొదటి శిఖరం, ఇంకా చిన్న సైజుల దగ్గర రెండో శిఖరం, మూడో శిఖరం వస్తాయి. మామూలు పదార్థం బరువు వల్ల నొక్కుడు ఎక్కువ, సాగుడు తక్కువ అవుతుంది కాబట్టి రెండో శిఖరం కురచ. మూడో శిఖరం ఎత్తు కాంతితో సంబంధం లేని డార్క్ మ్యాటర్ ఎంతుందో చెబుతుంది. విశ్వంలో మామూలు పదార్థం 5 శాతం లోపు, డార్క్ మ్యాటర్ దాదాపు 26 శాతం అన్న అంకెలకు అన్నిటికంటే గట్టి ఆధారం ఈ శిఖరాలే.

వేడి మచ్చ అంటే ఎప్పుడూ సాంద్రత ఎక్కువున్న చోటేనా?

చిన్న మచ్చల విషయంలో స్థూలంగా అవును. చాలా పెద్ద మచ్చల్లో తారుమారవుతుంది: సాంద్రత ఎక్కువున్న చోటు నుంచి కాంతి గురుత్వ లోయ ఎక్కి రావాలి, దారిలో శక్తి కోల్పోయి చల్లగా కనిపిస్తుంది. దీన్ని 1967లో సాక్స్, వోల్ఫ్ లెక్కగట్టారు.

మరీ చిన్న మచ్చలు ఎందుకు కనిపించవు?

కెమెరా లోపం కాదు, అప్పుడే చెరిగిపోయాయి. పరిక్షేపణం మధ్యలో ఫోటాన్ అటూ ఇటూ తూలుతూ ఎంతో కొంత దూరం జారుతుంది. ఆ దూరం కంటే చిన్న తరంగంలో వేడి చోటి ఫోటాన్లు, చల్లటి చోటివి కలగలిసి తేడా చెరిపేస్తాయి. 1968లో జోసెఫ్ సిల్క్ ఈ సంగతి చూపించారు, అందుకే సిల్క్ డ్యాంపింగ్ అంటారు. పైగా పరిక్షేపణం ఒక్క క్షణంలో ఆగలేదు. దాదాపు లక్ష ఏళ్లపాటు సాగుతూ తగ్గింది. అంటే చివరి పరిక్షేపణ ఉపరితలానికి మందం ఉంది. ఆ మందంలో పడిన చిన్న వివరాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని మసకబారాయి. డిగ్రీలో పదో వంతు దిగువకు వెళ్లేకొద్దీ సంకేతం వేగంగా పడిపోవడాన్ని ప్లాంక్, భూమి మీది పెద్ద టెలిస్కోపులు చక్కగా కొలిచాయి.

సీఎంబీకి ధ్రువణం ఎలా వచ్చింది?

పోలరాయిడ్ కళ్లద్దాలుంటే ఒక చిన్న పరీక్ష చేయండి. సాయంత్రం సూర్యుడికి తొంభై డిగ్రీల దూరంలో ఉన్న నీలాకాశాన్ని వాటిలోంచి చూస్తూ అద్దాలను మెల్లగా తిప్పండి. ఆకాశం ఒక స్థితిలో ముదురుగా, ఇంకో స్థితిలో లేతగా కనిపిస్తుంది. లంబకోణంలో చెదిరిన కాంతి ధ్రువితమవుతుందనడానికి అదే రుజువు. థామ్సన్ పరిక్షేపణంలోనూ ఈ గుణం ఉంది.

కానీ ఎలక్ట్రాన్‌కి నాలుగు వైపుల నుంచీ సమానంగా కాంతి పడితే ధ్రువణాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. రెండు ఎదురెదురు వైపుల నుంచి ఎక్కువ వేడి, వాటికి అడ్డంగా ఉన్న రెండు వైపుల నుంచి తక్కువ వేడి పడితేనే నికరంగా ఏదో మిగులుతుంది. ఫోటాన్లూ ఎలక్ట్రాన్లూ గట్టిగా అతుక్కుని ఉన్నంత కాలం ఇలాంటి తేడా నిలవలేదు. పూర్తిగా విడిపోయాక పరిక్షేపణమే లేదు. ఆ రెండింటి మధ్య సన్నని సమయంలో మాత్రమే ధ్రువణం పుట్టింది. కాబట్టే అది చాలా బలహీనం, ఉష్ణోగ్రత తేడాలో కొద్ది శాతం.

మార్టిన్ రీస్ 1968లోనే ఇది ఉండాలన్నారు. దక్షిణ ధ్రువం దగ్గరి డాసీ పరికరం 2002లో పట్టుకుంది. ద్రవం అత్యధిక వేగంతో కదిలే చోట ధ్రువణం ఎక్కువ, అది పూర్తిగా నొక్కుకుని ఆగిన చోట తక్కువ. అందుకే ఉష్ణోగ్రత శిఖరాలున్న చోట ధ్రువణంలో లోయలు, అక్కడ లోయలున్న చోట ఇక్కడ శిఖరాలు. ధ్వని తరంగాల కథ నిజమని నమ్మడానికి నాకు ఇంతకంటే బలమైన సాక్ష్యం అక్కర్లేదు.

ఆ తర్వాత కాంతి మళ్లీ ఎక్కడా చెదరలేదా?

చెదిరింది, కొద్దిగా. తొలి నక్షత్రాలు, గెలాక్సీలు వెదజల్లిన అతినీలలోహిత కాంతి హైడ్రోజన్‌ను తిరిగి అయనీకరించింది. విశ్వానికి సుమారు 70 కోట్ల ఏళ్ల వయసు నాటికి ఈ పని సగం దాకా వచ్చింది. ఎలక్ట్రాన్లు మళ్లీ విడుదలయ్యాయి గానీ, అప్పటికి విశ్వం దాదాపు 20 లక్షల రెట్లు పల్చబడింది. ప్లాంక్ 2018 ఫలితాల ప్రకారం సీఎంబీ ఫోటాన్లలో నూటికి 5 మాత్రమే ఈ దశలో మళ్లీ చెదిరాయి. 2003లో నాసా ఉపగ్రహం డబ్ల్యూమ్యాప్ తొలి ఏడాది ఫలితం ఈ అంకెను 17 అంది. కొలతలు మెరుగయ్యేకొద్దీ అది దిగివచ్చింది, దాంతో తొలి నక్షత్రాల కాలం గురించిన అంచనా కూడా మారింది.

ఇంకొకటి, గెలాక్సీ గుచ్ఛాల్లోని కోట్ల డిగ్రీల వాయువు. దాని గుండా వచ్చే ఫోటాన్లలో నూటికి ఒకటి వేడి ఎలక్ట్రాన్‌ను తాకి అదనపు శక్తి పుంజుకుంటుంది. 217 గిగాహెర్ట్జ్ కంటే దిగువన చూస్తే ఆ గుచ్ఛం సీఎంబీలో నీడలా, ఎగువన చూస్తే వెలుగులా కనిపిస్తుంది. ఇదే సున్యాయెవ్–జెల్డోవిచ్ ప్రభావం. గుచ్ఛం ఎంత దూరంలో ఉన్నా ఈ నీడ లోతు తగ్గదు. అందుకే దూరపు గుచ్ఛాలు వెతికేవాళ్లకి ఇది పెద్ద ఆసరా.

పాత టీవీలో చానెల్ లేనప్పుడు వచ్చే చుక్కల్లో సీఎంబీ ఉండేదా?

ఉండేది, చాలా చిన్న వాటా. మిగతాదంతా టీవీ సర్క్యూట్, చుట్టుపక్కల పరికరాలు, మన గెలాక్సీ రేడియో తరంగాల రొద.

ఇప్పుడు దేనికోసం వెతుకుతున్నారు?

ధ్రువణంలో బీ మోడ్ అనే మెలికల నమూనా కోసం. విశ్వం మొదటి క్షణంలో అతివేగంగా ఉబ్బి ఉంటే గురుత్వ తరంగాలు పుట్టి ఉండాలి. అవి అంతరిక్షాన్ని ఒక దిశలో సాగదీసి, అడ్డ దిశలో నొక్కుతాయి. అలాంటి చోట ఎలక్ట్రాన్ మీద పడే కాంతిలో తేడా వచ్చి, చెదిరిన కాంతికి ఈ మెలిక అబ్బుతుంది. సాంద్రత తేడాలు వాటంతటవి చివరి పరిక్షేపణం దగ్గర ఆ నమూనాను ఇవ్వలేవు.

2014 మార్చిలో దక్షిణ ధ్రువంలోని బైసెప్2 బృందం దాన్ని చూశామని ప్రకటించింది. కానీ మన గెలాక్సీలోని ధూళి కూడా ధ్రువిత కాంతినే వదులుతుంది. ప్లాంక్ బృందంతో కలిసి 2015లో చేసిన విశ్లేషణలో ఆ సంకేతానికి ధూళే సరిపోతుందని తేలింది. అప్పటి నుంచి అనేక పౌనఃపున్యాల్లో కొలిచి ధూళిని వేరుచేయడం మీదే పట్టు బిగించారు. చిలీలోని అటకామా ఎడారిలో 5,000 మీటర్లకు పైన ఉన్న సైమన్స్ అబ్జర్వేటరీ ఆ పనిలో ఉంది, జపాన్ లైట్‌బర్డ్ అనే ఉపగ్రహాన్ని సిద్ధం చేస్తోంది. బైసెప్ బృందమే 2021లో ప్రకటించిన పరిమితి ప్రకారం, గురుత్వ తరంగాల బలం సాంద్రత తేడాల బలంలో 3.6 శాతం కంటే తక్కువే ఉండాలి.